ఈల వేసే ముందు ఇది చదవండి

ప్రేక్షక మహాశయులారా! ఫస్ట్ షోకి గుంపుగా వచ్చిన తమ్ముళ్లారా, సెకండ్ షోకి ఇంటిల్లిపాదీ కదిలొచ్చిన అక్కలారా, అన్నలారా!

చేతిలో పెట్టిన కాగితాన్ని ఇక్కడే పారేయకండి. మడిచి జేబులో పెట్టుకుని ఇంటర్వెల్లో చదవండి. సమోసా నూనె తుడుచుకోవడానికి వాడుకున్నా మాకు అభ్యంతరం లేదు, కాకపోతే చదివాకే తుడుచుకోండి.

మేము సినిమాలు వద్దనే బాపతు కాదు. బెనిఫిట్ షోలకు నిద్ర మానుకున్నవాళ్లమే, హీరో ఎంట్రీకి కాగితాలు చింపి ఎగరేసినవాళ్లమే. అడగదలచుకున్నది ఒకటుంది. ఆడా మగా జత కట్టడం ఒక్కటే సహజం, తక్కినదంతా తేడా, జబ్బు, పైదేశాల నుంచి వచ్చిన పోకడ అని మనలో చాలామందికి గట్టి నమ్మకం. ఈ నమ్మకం మనకు ఎక్కడ అబ్బింది? ఇంట్లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. బడిలో పాఠం లేదు. అబ్బాయి అమ్మాయిని ఎలా చూడాలో, అమ్మాయి ఎప్పుడు తల దించుకోవాలో, ఎవరి నడక చూసి నవ్వాలో, ఎవరి పెళ్లికి చప్పట్లు కొట్టాలో చాలామట్టుకు ఈ చీకట్లో కూర్చునే నేర్చుకున్నాం. నేర్చుకున్నదైతే దాన్ని నిలదీసి అడగవచ్చు.

ముందు శోభనం గదిలోకి పదండి. పెళ్లి కాని కుర్రాడికి కూడా ఆ గది కొట్టినపిండే. మంచం చుట్టూ మల్లెదండలు, పళ్లెంలో యాపిల్ పళ్లు, మూలన అగరొత్తులు. తెల్లచీర కట్టుకున్న పెళ్లికూతురి చేతిలో పాలగ్లాసు. వెనక నుంచి నలుగురు ఆడవాళ్లు కిసుక్కున నవ్వి లోపలికి తోస్తారు. ఆమె తల ఎత్తదు. అతను సగం తాగి సగం ఆమెకిస్తాడు. లైటు ఆరిపోతుంది. నిజంగా సహజమైన ఆకలికీ నిద్రకీ ఇంత సరంజామా ఎవరైనా పెడతారా? ఆర్ట్ డైరెక్టరు, మేకప్ మ్యాను, పూలవాడు, లైట్ బాయ్ కలిసి కట్టిన గది అది. కోరిక పుట్టుకతో రావచ్చు, ఎవరం కాదన్నాం? ఆ పాలగ్లాసూ, ఆ సిగ్గూ, ఆ తలుపు గడియా మాత్రం మనుషులు చేసిపెట్టినవి.

ఇది మేం కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. మన పాత సినిమాకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. 1955లో ఎల్.వి. ప్రసాద్ తీసిన ‘మిస్సమ్మ’ కథ గుర్తు చేసుకోండి. ఒక జమీందారు తన ఊళ్లో బడి నడపడానికి చదువుకున్న దంపతులు కావాలని పేపర్లో ప్రకటన వేయిస్తాడు. పనిలేని ఎం.టి. రావు, అప్పుల్లో ఉన్న మేరీ ఆ ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలమని అబద్ధం చెప్పి చేరిపోతారు. ఒకరికొకరు ఏమీ కారు. మతం కూడా వేరు. అయినా ఊరు ఊరంతా నమ్మింది, ఎందుకంటే ఎదుటివాళ్ల ముందు మొగుడూ పెళ్లాం ఏమేం చేయాలో అందరికీ తెలుసు, వీళ్లూ అది చేశారు. దాంపత్యం ఇక్కడ ఉద్యోగానికి అర్హత. మేరీగా చేసిన సావిత్రి ముఖంలో ఆ చిరాకు చూడండి, రావుగా చేసిన ఎన్టీఆర్ ఆమెను బతిమాలుకుంటూ పడే పాట్లు చూడండి. నవ్వొస్తుంది, నవ్విన తర్వాత ఆలోచన కూడా రావాలి. చివరికి సినిమా భయపడి కన్నం పూడ్చుకుందనుకోండి: మేరీ నిజానికి ఆ జమీందారు తప్పిపోయిన కూతురు మహాలక్ష్మే అని తేల్చి, మతం చిక్కు లేకుండా చేసి పెళ్లి చేసింది. అంతదాకా చూపించిన నాటకం మాత్రం చెరిగిపోలేదు.

ఇళ్లు అద్దెకిచ్చే అయ్యలారా, ఆ జమీందారు ప్రకటన ఇవాళ్టికీ మీ గేటుకు వేలాడుతోంది. అమీర్‌పేట సందుల్లో, దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో ఏ టులెట్ బోర్డు చూసినా ‘ఓన్లీ ఫ్యామిలీస్’. ఇద్దరమ్మాయిలు కలిసి ఇల్లు చూసుకోవడానికి వస్తే అక్కాచెల్లెళ్లమని చెప్పాలి. ఇద్దరబ్బాయిలైతే బ్యాచిలర్స్ అని గేటులోనే ఆపేస్తారు. మేరీ, రావుల్లాగా అబద్ధం ఆడినవాళ్లకే తాళం చెవి.

రెండేళ్లకు 1957లో ‘మాయాబజార్’ వచ్చింది. కె.వి. రెడ్డి దర్శకత్వం. అందులో సావిత్రి చేసింది శశిరేఖ పాత్ర ఒక్కటే అనుకుంటే పొరపాటు. శశిరేఖ రూపం ఎత్తిన ఘటోత్కచుణ్ణి కూడా ఆమే చేసింది. ఒంటరిగా ఉన్నప్పుడు ఛాతీ విరుచుకుని మగ నడక నడుస్తుంది, ఎవరో వస్తున్న అలికిడి వినగానే ఠక్కున ఒదిగిపోయి సిగ్గు తెచ్చి పెట్టుకుంటుంది. అదే మనిషి, అదే చీర. అరక్షణంలో ఆడతనం వచ్చింది, పోయింది. రేలంగి చేసిన లక్ష్మణకుమారుడు ఆ మాయ పెళ్లికూతుర్ని చూసి మురిసిపోతుంటే మనం కుర్చీల్లోంచి దొర్లిపడి నవ్వుతాం. తాళి కట్టించుకోబోతున్నది మీసాల రాక్షసుడు! ఈ సన్నివేశాన్ని మూడు తరాలవాళ్లం ముసలీ ముతకా పిల్లా పీచూ కలిసి చూశాం. ఏ సంస్కృతీ కూలిపోలేదు.

ఇంకా వెనక్కు పోతే సంగతి మరీ చిత్రం. కూచిపూడిలో సత్యభామ అంటే శతాబ్దాల పాటు మగవాడే. వేదాంతం సత్యనారాయణ శర్మ జడ విసిరితే పండితులు తలలూపారు, 1970లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. నాటకాల్లో అలాంటి వేషాలకే స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు రంగస్థలం మీద మొదట కట్టినవి ఆడవేషాలు. ఇక ఎన్టీఆర్ విజయవాడ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ వేయించిన నాటకంలో నాగమ్మ వేషం వేయాల్సి వస్తే మీసం తీయనని మొండికేశారు, అలాగే వేశారు. ‘మీసాల నాగమ్మ’ అని పేరు పడింది. తెలుగు తెరకు మగతనం అంటే ఇదీ అని చూపించిన ఇద్దరు మహానటులూ చీర కట్టి నడక మొదలుపెట్టినవాళ్లే. ఆ తర్వాతే మీసం మెలితిప్పడం, తొడ కొట్టడం, ఒక్క గుద్దుకు పదిమంది గాల్లోకి లేవడం. అవన్నీ ఎవరో నేర్పితే ఎవరో నేర్చుకున్న అభినయాలు. అంత సహజమైనదైతే రీలు రీలుకీ తొడ కొట్టి రుజువు చేసుకోవడం ఎందుకు?

తెర మీద ఇంత ఉదారంగా ఉన్న మనం వీధిలో ఎలా ఉన్నామో కూడా చెప్పుకోవాలి. 1963లో ‘నర్తనశాల’లో ఎన్టీఆర్ బృహన్నలగా ఉత్తరకు నాట్యం నేర్పుతుంటే జనం హారతులు పట్టారు. అదే సంవత్సరం హైదరాబాదులో నిజాం కాలం నాటి చట్టం ఒకటి అమల్లో ఉంది. హిజ్రాలు పోలీసు రిజిస్టరులో పేరు రాయించుకోవాలి. ఆడబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనపడినా, పాడినా, ఆడినా వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. 1919 నాటి ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జూలైలో! నూటనాలుగేళ్లు. ఈ నడుమ మన కామెడీ ట్రాకుల్లో చేయి తిప్పుతూ మాట్లాడే ‘ఆడంగి’ పాత్ర లేని సంవత్సరం లేదు. హీరో వాణ్ణి ఒక్కటి పీకితే హాలంతా గొల్లున నవ్వు. ఆ నవ్వు మరుసటి రోజు కాలేజీ క్యాంటీన్లో మెత్తగా మాట్లాడే కుర్రాడి మీద పడుతుంది. తమ్ముళ్లారా, మీ క్లాసులో అలాంటివాడు ఒకడుంటాడు. వాడికి మీరు పెట్టిన పేరు ఏ సినిమాలోదో గుర్తు తెచ్చుకోండి.

సహజం అన్న మాటకు ఇంకో పరీక్ష. 1972లో ‘బడిపంతులు’లో శ్రీదేవి ఎన్టీఆర్‌కు మనవరాలు. 1979లో ‘వేటగాడు’లో ఆయన పక్కన హీరోయిన్. ఆయనకు యాభైఆరు, ఆమెకు పదహారు నిండలేదు. మనవరాలు ఏడేళ్లలో ప్రియురాలైంది, తాత మాత్రం అట్లాగే ఉన్నాడు. మనం ఈలలు వేశాం. ఆ వయసు తేడాను సహజం అనిపించేలా చేయగలిగిన తెర దేన్నయినా సహజం అనిపించగలదు. అదే తెర అసహజం అని నూరిపోసినదాన్ని మాత్రం ఎందుకు అనుమానించం?

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. వెంటపడటం. తెలుగు సినిమాలో ప్రేమకథకు ఇదే రోడ్డు. ఆమె వద్దంటుంది, అతను వదలడు, మూడో పాటకల్లా ఆమె నవ్వుతుంది. 2004లో వచ్చిన ‘ఆర్య’లో ఒకడు నన్ను ప్రేమించకపోతే మేడ మీంచి దూకుతానని బెదిరిస్తాడు, ఆ అమ్మాయి భయపడి ఒప్పుకుంటుంది. వాడు విలన్ కాబట్టి అది తప్పు. హీరో రోజూ వెంటపడతాడు, అది ప్రేమ. 2017లో ‘అర్జున్ రెడ్డి’. సీనియర్ విద్యార్థి క్లాసులోకి వచ్చి ఫలానా అమ్మాయి నాది, ఎవరూ కన్నెత్తి చూడొద్దని ప్రకటిస్తాడు. ఆ అమ్మాయి నోట అప్పటికింకా మాట లేదు. అడగకుండానే ముద్దు పెడతాడు. ఆమె ఎవరినన్నా ఇష్టపడుతుందా, అసలు అబ్బాయిలను ఇష్టపడుతుందా అన్న ప్రశ్న అతనికీ రాలేదు, కెమెరాకూ రాలేదు, హాల్లో మనకూ రాలేదు. అప్పట్లో కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు గారు ఆర్టీసీ బస్సు మీద ఆ సినిమా పోస్టరు చింపారు, ముద్దు బొమ్మ ఉందని. మిత్రులారా, ముద్దు చూసి కోపం వచ్చింది, అడగకుండా పెట్టడం చూసి రాలేదు! పోస్టరు చింపడానికి చేతులు వచ్చిన ఊళ్లో ఆ మాట అడగడానికి నోరు రాలేదు. అందుకే నిషేధాలు, కత్తెర్లు మాకు వద్దు. కత్తెర ఎప్పుడూ తప్పు చోటే పడుతుంది.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి. వద్దన్నా ఆడపిల్ల వెంటపడటం 2013 నుంచి నేరం. అప్పుడు ఐపీసీ 354డి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 78. హైదరాబాద్‌లో 2014 నుంచి పోలీసుల షీ టీమ్స్ తిరుగుతున్నాయి. మన హీరోల్లో సగం మందిని రెండో రీలులోనే పట్టుకుపోవాల్సిన మాట. 2008 డిసెంబరులో వరంగల్‌లో ప్రేమ కాదందన్న కక్షతో ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. స్కూటీ మీద వెళ్తున్న ఇద్దరిలో ఒకరు చనిపోయారు. పోసినవాళ్లు సినిమా చూసి పోశారని మేం అనం, అంత తేలిక కాదు. కానీ కాదనే హక్కు అమ్మాయికి ఉంటుందని ఏ సినిమా ఆ కుర్రాళ్లకు చెప్పింది? నిందితులు ముగ్గురూ కొద్దిరోజులకే పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం పోలీసులకు దండలు వేశారు. క్లైమాక్సు కూడా మనం సినిమా లెక్కలోనే చూశాం.

ఇంతకీ ఆడా మగా అయితే చాలునా? అదీ చాలదు. ఏ ఆడ, ఏ మగ అన్నది కులం చెబుతుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్య కళ్లముందే, కులం వేరని భర్తను నరికించారు. వాళ్లు పెళ్లాడింది చట్ట ప్రకారమే, ఆడా మగానే. మరి ‘సహజం’ వాళ్లను ఎందుకు కాపాడలేదు?

ఈ మాట దగ్గర ‘ఉప్పెన’ గురించి చెప్పకపోతే అన్యాయం. 2021లో వచ్చింది, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు పొందింది. పరువు కోసం తండ్రి రాయణం తన కూతురు ప్రేమించిన మత్స్యకారుల కుర్రాడి మగతనాన్నే కోయించేస్తాడు. ఇక కూతురు వాడితో పోదని అతని లెక్క. కూతురు ఎదురు నిలబడి ఆ లెక్క తిరగేస్తుంది: మగాడంటే నువ్వు కోయించినంత మేరే అనుకున్నావా అని తండ్రిని నిలదీసి, వాడితోనే బతుకుతానంటుంది. మన కమర్షియల్ సినిమాలో ఆడపిల్ల నోట ఇంతకంటే పెద్ద మాట మేం వినలేదు. శోభనం గది, వంశం, వారసుడు అన్నీ ఒక్క దెబ్బకు పక్కకు పోయాయి, మిగిలింది ఇద్దరు మనుషులు. హాల్లో ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మాస్ జనం కూడా ఒప్పుకున్నారు. ‘మన జనం ఇలాంటివి చూడరండీ’ అనే నిర్మాతలకు ఇదే జవాబు.

2022లో ‘ఆర్ఆర్ఆర్’ వచ్చింది. వంతెన కింద మంటల మధ్య ఇద్దరు మగవాళ్లు తాడుకు వేలాడుతూ చేతులు కలిపారు. తర్వాత ఒక పాటంతా ఇద్దరి సాన్నిహిత్యమే. దాచిన రహస్యం, నమ్మకద్రోహం, కన్నీళ్లు, ఎడబాటు, మళ్లీ కలయిక, ఒకణ్ణి ఇంకొకడు భుజాల మీద మోయడం. ప్రేమకథకు కావలసిన దినుసులన్నీ హీరోలైన రాముడికీ భీముడికీ మధ్యే ఉన్నాయి. ఇద్దరు హీరోయిన్లకు దక్కిందెంతో మీకే తెలుసు. ఆ ఏడు జూలైలో సౌండ్ డిజైనర్ రసూల్ పూకుట్టి దాన్ని గే ప్రేమకథ అన్నందుకు పెద్ద దుమారమే లేచింది. వాళ్లది స్నేహమే, సరే. స్నేహాన్ని ఎవరో ప్రేమ అన్నంత మాత్రాన మనకు అంత ఉలుకెందుకు? ఆడా మగా కాలేజీ బెంచీ మీద అరగంట కూర్చుంటే ప్రేమని తీర్మానించేస్తాం కదా!

అలాంటి ప్రేమను తెర మీద చూపించడానికి ఎవరూ ప్రయత్నించలేదనడం కూడా తప్పే. 2018లో ప్రశాంత్ వర్మ ‘అ!’ తీశాడు, నాని నిర్మాత. కూతురు ప్రేమించినవాణ్ణి చూడాలని అమ్మానాన్నలు ఎదురుచూస్తుంటే ఈషా రెబ్బా నిత్యా మేనన్‌ను తీసుకొచ్చి క్రిష్ అంటే ఈమే అని పరిచయం చేస్తుంది. తెలుగు డైనింగ్ టేబుల్ ముందు ఇద్దరమ్మాయిల ప్రేమ! చూస్తూ సంబరపడ్డాం. చివరికి ఏం తేలింది? ఆ పాత్రలన్నీ నలిగిపోయిన ఒక అమ్మాయి మనసులో పుట్టినవని. ఆ ప్రేమకు తెలుగు నేల మీద ఇంటి నంబరు దొరకలేదు, ఒక తల లోపల మాత్రం కాస్త చోటు దొరికింది. ధైర్యానికి దండం పెడుతూనే ఈ ఫిర్యాదు నమోదు చేస్తున్నాం. పక్కన మలయాళంలో 2023లో మమ్ముట్టి సొంత కంపెనీ డబ్బుతో ‘కాదల్’ తీసి, పంచాయతీ ఎన్నికల్లో నిలబడ్డ నడివయసు గే భర్తగా నటించాడు. ఆ సినిమాలో విడాకులు అడిగేది భార్య. సహజం పేరుతో కట్టిన పెళ్లి ఆయన్ని ఒక్కణ్ణే కాదు, ఏళ్ల తరబడి ఆమె బతుకునూ తిన్నది. మన పెద్ద హీరోలకూ సొంత బ్యానర్లున్నాయి.

కోర్టులు తమ వంతు కొంత చేశాయి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఐపీసీ సెక్షన్ 377 కింద ఇష్టపూర్వక స్వలింగ బంధాలు నేరం కావని చెప్పింది. 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేనంది. ఆ కేసు వేసినవాళ్లలో ముందు నిలిచింది హైదరాబాద్‌లో ఉండే జంటే. పైదేశాల పోకడ అనే అన్నలారా, వాళ్ల ఊరూ మన ఊరే.

ఇక మేం కోరేవి. హాల్లో హీరో వద్దన్న అమ్మాయి దారికి అడ్డం పడితే ఆ సీనుకు ఈల వేయకండి. చేయి తిప్పే పాత్రను కొడితే నవ్వకండి. పక్కవాడు మిమ్మల్ని వింతగా చూస్తాడు, చూడనివ్వండి, రెండో వారానికల్లా వాడూ ఆగుతాడు. కాలేజీ ఫిల్మ్ క్లబ్బుల్లో ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘ఉప్పెన’ ఒకే వారంలో వేసి, ఎవరు ఎవరికోసం ఏ వేషం కట్టారో మాట్లాడించండి. అమ్మలూ నాన్నలూ, మీ పిల్ల పెళ్లి వద్దంటే, అబ్బాయిలే వద్దంటే ఆస్పత్రికీ స్వామీజీ దగ్గరికీ లాక్కుపోకండి. ఒక్క పూట కూర్చుని వినండి. రచయితలారా, రెండో హీరోయిన్‌కు ఫైనాన్స్ దొరుకుతున్న ఈ రోజుల్లో ఇద్దరమ్మాయిలకు ఒక ఇల్లు, అందులో ఒక వంటగది, నెలాఖరు ఖర్చుల మీద ఒక గొడవ రాయలేరా? హత్య వద్దు, ఆత్మహత్య వద్దు, కల అని తేల్చడం అసలే వద్దు. ఇంటి యజమానులారా, బోర్డు మీద ఫ్యామిలీస్ అన్న చోట ‘సకాలంలో అద్దె కట్టేవారికి’ అని రాయించండి.

ఈ కాగితం వెనక వైపు ఖాళీగా వదిలాం. ఇవాళ చూసిన సినిమాలో హీరోయిన్ ఎన్నిసార్లు వద్దంది, హీరో ఎన్నిసార్లు విన్నాడు, ఎవరి నడక చూసి హాలు నవ్వింది, మూడూ రాసి సైకిల్ స్టాండ్ దగ్గర పెట్టిన అట్టపెట్టెలో వేయండి. పేరు రాయనక్కర్లేదు. వచ్చినవన్నీ కలిపి దర్శకుల, రచయితల సంఘాలకు పంపుతాం.

— కొందరు తోటి ప్రేక్షకులు